మామ్మ కోప్పడిన రాత్రి

"అలిగితే ఆవిడ ముందుకెళ్లి అలుగు నాయనా. గదిలో తలుపేసుకుని కూర్చుంటే ఆవిడకెలా తెలుస్తుంది?"

ఒడిశాలోని బరంపురంలో మా ఇంటి ఓనరు మామ్మ నన్ను కోప్పడిన మాట ఇది. అప్పుడు అక్కడి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర జరుగుతోంది. రెండేళ్లకోసారి చైత్రంలో బుఢీ ఠాకురాణి గుడి వదిలి దేశిబెహరా వీధికి, పుట్టింటికి వస్తుంది. ఆ రాత్రి అమ్మవారి ఘటం మా సందులోకి వస్తోందని అందరూ పసుపునీళ్లతో వాకిట్లో నిలబడ్డారు. నేను రానన్నాను. మా నాన్నని అలా చేసిన దేవుళ్లకి దండం పెట్టలేనన్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర. ఇల్లు ఎంతో దూరం లేదు. 1936 దాకా ఈ ఊరూ మా ఊరూ ఒకే మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అయినా పట్టుచీరల కొట్లో లెక్కలు రాసే నేను ఇక్కడ 'ఆంధ్రావాడినే'.

నాన్నకి షుగరు లేదు, బీపీ లేదు, తాగుడు లేదు. తోటపని తప్ప ఏమీ తెలియని మనిషి. అయినా కిడ్నీలు పోయాయి. ఇప్పుడు వారానికి రెండుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్. డయాలసిస్ కోసం ఎడమచేతిలో రక్తనాళాలు కలిపిన చోట, ఫిస్టులా మీద వేలు పెడితే లోపల తుమ్మెద తిరుగుతున్నట్టు జుమ్మంటుంది. రోజు మొత్తానికీ సరిపడా నీళ్లు అమ్మ పొద్దున్నే ఒక సీసాలో కొలిచి పెడుతుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కాబట్టి తన చేత్తో పాతిన చెట్ల బొండాం నాన్న ముట్టుకోకూడదు. మా పనసపండూ అంతే. ఈ కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో నీళ్లు, మట్టి, రక్తం ఎంతమంది పరీక్షకి పట్టుకెళ్లారో! పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ జబ్బుల పెద్దాసుపత్రి వచ్చింది. ఇదీ కారణం అని మాత్రం ఇప్పటికీ తేలలేదు. ఫలానా దాని వల్ల అని తెలిసి ఉంటే నాకు దేవుడి మీద ఇంత కోపం వచ్చేది కాదేమో.

మా ఊళ్లో 'కర్మ' అనేస్తారు. ఆ మాట వింటే ఒళ్లు మండుతుంది. మామ్మ ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు.

మామ్మ ముఖం నిండా అమ్మవారి మచ్చలు. ఏడేళ్లప్పుడు పోసిందట. ఆ వారంలోనే తమ్ముడు పోయాడట. తమ్ముణ్ణి తీసుకుపోయిన జబ్బుని 'అమ్మ' అని ఎలా పిలుస్తుంది? మనమూ 'అమ్మవారు పోసింది' అనే అంటాం, నేనెప్పుడూ ఆగి ఆలోచించలేదు. భయంతో అంటారనుకునేవాణ్ణి. మామ్మలో నాకు భయం కనబడలేదు. పుట్టింటికొచ్చిన ఆడపడుచుని చూసుకున్నట్టు చూసుకుంటుంది.

"నా తమ్ముణ్ణి ఏం చేశావే అని ప్రతి యాత్రకీ అడుగుతాను" అంది.

"ఏమంటుంది మామ్మా?"

"ఏమీ అనదు. మళ్లీ యాత్రకి వస్తుంది."

నేను ఊరుకోలేదు. 1977కల్లా దేశంలో మశూచి లేకుండా పోయింది టీకాల వల్లే కదా అన్నాను.

"ఆ సూది పట్టుకుని ఇంటింటికీ తిరిగినోళ్లని ఎవరు పంపారనుకున్నావు?"

"మరి ఉద్దానానికి ఎందుకు పంపలేదు?"

మామ్మ చేతిలో చెంబు అలాగే పట్టుకుని కాసేపు నిలబడింది. "ఇంకా రాలేదు నాయనా" అంది.

ఆ 'ఇంకా' నన్ను చాలా రోజులు వదల్లేదు. కర్మ అనేశాక ఇక అడగడానికేమీ ఉండదు. 'ఇంకా రాలేదు' అన్నావిడ అమ్మ మంచిదేనని ముందే ఒప్పుకుంది, ఎందుకింత ఆలస్యమని నిలదీస్తోంది. నాన్న విషయంలో నాకు ఈపాటి నమ్మకమైతే చేతనవుతుందనిపించింది. లేచి వాకిట్లోకి వెళ్లాను. డప్పుల మోతలో నేను ఏమడిగానో పక్కనున్న మామ్మకి కూడా వినబడలేదు.

ఆదివారం ఊరికి బయల్దేరుతుంటే మామ్మ చిన్న సీసాలో తీర్థం ఇచ్చింది. అమ్మ ఒక్క చెంచా నాన్న నోట్లో పోసింది. తర్వాత నాన్న నీళ్ల సీసాలోంచి ఒక చెంచా తీసి తులసికోటలో పోసింది. నాన్న పెదాలు తడుపుకుని, "కర్పూరం వాసన వస్తోందిరా" అన్నాడు.