గోధుమరంగు వల

పొద్దుటి నుంచి వాన. కరెంటు వచ్చిపోతూ ఉంటే ల్యాబ్‌లో ఎవరికీ మనసు నిలకడగా లేదు.

నిన్న పక్కన పెట్టింది మెడ దగ్గరి లింఫు గ్రంథి ముక్క. మామూలు హెచ్‌అండ్‌ఈ రంగులో పెద్ద కణాలు, ఉబ్బిన కేంద్రకాలు, చుట్టూ లింఫోసైట్లనే తెల్లరక్తకణాల గుంపు. పంపిన డాక్టరు గారు ‘లింఫోమా?’ అని, అంటే లింఫు కణాల క్యాన్సరేమో అని రాశారు. చూపుకి అలాగే ఉంది కూడా. కానీ ముక్కు వెనక పైపొర కణాల్లో పుట్టే క్యాన్సర్, అంటే కార్సినోమా, మెడలోకి పాకినప్పుడు అచ్చం ఇలాగే కనిపించి ఏమారుస్తుంది. అందుకే రెండు మార్కర్లు, అంటే ఫలానా ప్రోటీన్‌ని పట్టుకుని గోధుమరంగు చూపించే యాంటీబాడీలు, వేయమన్నాను: పైపొర కణాలకి సైటోకెరాటిన్ ఏఈ1/ఏఈ3, లింఫోసైట్లకి సీడీ45. పది మార్కర్లు ఒకేసారి రాసిపడేసే అలవాటు నాకు నచ్చదు. డబ్బు కట్టేది రోగి ఇంటివాళ్లు.

టెక్నీషియన్ గారు స్లైడ్లను సిట్రేట్ బఫర్‌లో ముంచి ప్రెషర్ కుక్కర్ ఎక్కించారు. ఫార్మలిన్ బిగించేసిన ప్రోటీన్లు అలా మరిగితే గాని యాంటీబాడీకి చిక్కవు. కుక్కర్ గాస్కెట్ వదులైతే ఆయన ముఖం చూడలేం.

మధ్యాహ్నం ముందుగా, రంగు సరిగ్గా పడిందో లేదో తేల్చే కంట్రోల్ స్లైడు చూశాను. టాన్సిల్ ముక్క ఒక్కటే రెండింటికీ సరిపోతుంది: పైపొర కెరాటిన్‌కి, లింఫోసైట్లు సీడీ45కి. రెండూ చక్కగా పట్టాయి.

“మేడమ్, పాజిటివ్!” అన్నాడు మా పీజీ కుర్రాడు, కంట్రోల్ పక్కనున్న రోగి కెరాటిన్ స్లైడు పెట్టగానే.

“ఏ కణాలు, బాబూ?”

గ్రంథిలో సహజంగా ఆసరాగా ఉండే రెటిక్యులర్ కణాలు కొన్ని కూడా కెరాటిన్ రంగు పట్టుకుంటాయి. సన్నగా, కొమ్మలు చాచినట్టు ఉంటాయి. వాటిని చూసి కార్సినోమా అని రాస్తే కొంప మునుగుతుంది. మైక్రోస్కోపు నలభై రెట్ల ఆబ్జెక్టివ్ తిప్పి చూపించాను. ఇక్కడ గోధుమరంగు ఆ పెద్ద కణాల సైటోప్లాజంలోనే ఉంది. అవి ఒకదాన్నొకటి అంటుకుని వలలా అల్లుకున్నాయి, కన్నాల్లో నీలం లింఫోసైట్లు. సీడీ45 స్లైడులో అంతా తారుమారు: లింఫోసైట్లు గోధుమరంగు, పెద్ద కణాలు ఖాళీ.

కెరాటిన్ పట్టినంత మాత్రాన కార్సినోమా అయిపోదు, సైనోవియల్ సార్కోమా అనే మెత్తటి కణజాలపు క్యాన్సర్‌కీ పడుతుందని వాడికి చెప్పాను. ఇక్కడ కణాల తీరు, మెడలో ఉన్న చోటు కూడా కలిసొచ్చాయి. పైపొర పొలుసు కణాలను పట్టే మరో మార్కర్, పీ40, రేపు వేస్తాం. ఈ క్యాన్సర్‌లో తరచూ కనిపించే ఎప్‌స్టీన్-బార్ వైరస్ కోసం ఎబెర్ పరీక్ష మా దగ్గర లేదు, మైనంలో బిగించిన ముక్క, అంటే బ్లాకు, బయటికి పంపాలి.

ఈఎన్‌టీ డాక్టరు గారికి ఫోన్ చేసి, ఎండోస్కోపీలో ముక్కు వెనక ఈ క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యే రోజెన్‌ముల్లర్ గుంటను ప్రత్యేకంగా చూసి ముక్క తీయమన్నాను. ఆయన రేపు ఉదయమే చేస్తానన్నారు.