బాబాయ్ మైకు, రెండు చానెళ్ళు

రిటైరయ్యాక బాబాయ్ ఇంట్లోంచే పిల్లలకి లెక్కలు చెబుతున్నాడు, బ్రౌజర్‌లో వీడియో కాల్ పెట్టి. ల్యాప్‌టాప్ పాతది, దాంట్లో విండోస్ బదులు వాడుకునే లినక్స్ ఎక్కించింది నేనే, మిగతావన్నీ చక్కగా నడుస్తున్నాయి, మైకు దగ్గరే పేచీ. "ఒరేయ్, నేను కనపడుతున్నానంట గానీ గొంతు వినపడట్లేదంటరా, సాయంత్రం మళ్ళీ క్లాసుంది" అని పొద్దున్నే ఫోన్ చేశాడు. గొంతులో టెన్షన్ తెలుస్తోంది. ఆదివారమే కదా, వెళ్ళి కూర్చున్నాను.

అప్పటికే నెట్‌లో దొరికిన చిట్కాలన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసిపెట్టుకున్నాడు. ఒక పేజీలో పల్స్‌ఆడియో అనే సౌండ్ ప్రోగ్రాం తీసేయమని ఉంది, పక్క పేజీలో అదే మళ్ళీ ఇన్‌స్టాల్ చేయమని. ఏదీ అబద్ధం కాదు, ఒక్కోటి ఒక్కో కాలానిది. లినక్స్‌లో అడుగున ఆల్సా ఉంటుంది, సౌండ్ కార్డుతో నేరుగా మాట్లాడేది అదే, 2003 చివర్లో వచ్చిన 2.6 కెర్నెల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) నుంచీ ఉంది. దాని మీద ఏ ప్రోగ్రాం ఏ మైకు వాడాలో పంచే పని 2004లో మొదలైన పల్స్‌ఆడియో చాలా ఏళ్ళు చేసింది, ఇప్పుడు ఆ చోటు పైప్‌వైర్ అనే కొత్త ప్రోగ్రాంది, లినక్స్ రకాల్లో ఫెడోరాలో 2021 నుంచి, ఉబుంటులో 2022 అక్టోబర్ విడుదల నుంచి. ఏ ఏడు రాసిన సలహానో చూడకుండా కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో అతికించేస్తే పనిచేస్తున్నది కూడా పోతుంది. సౌండ్ రాలేదని ఎవరడిగినా నేను గట్టిగా చెప్పేది ఇదే, ముందు దేన్నీ తీసేయొద్దు, మాట ఎక్కడిదాకా వస్తోందో, ఎక్కడ ఆగిపోతోందో చూడండి.

కింది నుంచి మొదలుపెట్టాం. టెర్మినల్‌లో ఆల్సా వాల్యూమ్‌లు చూపించే ఆల్సామిక్సర్ తెరిచి, ఎఫ్6 నొక్కి అసలు సౌండ్ కార్డు ఎంచుకుని, ఎఫ్4తో రికార్డింగ్ వైపుకి వెళ్తే క్యాప్చర్ ఆన్‌లోనే ఉంది, వాల్యూమ్ కూడా సరిపడా ఉంది. తర్వాత పావ్యూకంట్రోల్, ఏ ప్రోగ్రాం ఏ మైకు వాడుతోందో చూపించి మార్చనిచ్చేది. పేరు పల్స్‌ఆడియోదే అయినా పైప్‌వైర్ మీద కూడా అది బాగానే పనిచేస్తుంది, ఎవరి కంప్యూటర్‌లోనైనా నేను మొదట పెట్టించేది దీన్నే. దాంట్లో రికార్డింగ్ ట్యాబ్ కాల్ నడుస్తున్నప్పుడే చూడాలి, కాల్ లేనప్పుడు అక్కడ బ్రౌజర్ పేరే కనపడదు. అక్కడ ఒక్కోసారి మైకు బదులు 'మానిటర్' అని మొదలయ్యే పేరు ఎంపికై ఉంటుంది, అంటే స్పీకర్లోంచి వచ్చేదే తిరిగి అవతలికి పోతుంటుంది, అవతలివాళ్ళకి వాళ్ళ మాటే వినపడుతుంది. బాబాయ్‌ది అదీ కాదు. సరైన మైకే ఉంది, మ్యూట్ లేదు, బ్రౌజర్‌కి అనుమతి కూడా ఇచ్చి ఉంది.

రికార్డర్‌లో రెండు మాటలు చెప్పమని వింటే గొంతు శుభ్రంగా ఉంది! కాల్‌లో మాత్రం పక్క గదిలో ఫోన్ పట్టుకుని కూర్చున్న పిన్నికి ఏమీ వినపడదు, బాబాయ్ గట్టిగా అరిస్తే ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు ఒక ముక్క. వైరున్న హెడ్‌సెట్ గుచ్చితే మామూలుగా వినపడుతోంది. అంటే నెట్ బాగుంది, కాల్ బాగుంది, లోపలి మైకు కూడా బాగుంది, కానీ ఆ మైకూ కాల్ కలిస్తేనే మాట మాయం. హెడ్‌సెట్ పెట్టుకుని కానిచ్చేయొచ్చు గానీ రెండు గంటలు పెట్టుకుంటే ఆయనకి చెవులు నొప్పి.

ఆ రికార్డింగ్‌ని, శబ్దాన్ని గీతలుగా చూపించే అడాసిటీలో తెరిచాను. పైన ఎడమ చానెల్, కింద కుడి చానెల్. మామూలుగా చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. బాగా జూమ్ చేసి ఒకే ఒక్క అచ్చు దగ్గర ఆగి చూస్తే, పైగీత ఎక్కడ పైకి లేస్తోందో కింది గీత సరిగ్గా అక్కడే అంతే లోతుకి దిగుతోంది. కాల్ సాఫ్ట్‌వేర్ సాధారణంగా రెండు చానెళ్ళనీ కలిపి ఒక్కటిగా, మోనోగా పంపుతుంది. నేను ఇంకా వివరించబోతుంటే బాబాయే స్క్రీన్ మీద వేలు పెట్టి "ప్లస్ ఎక్స్, మైనస్ ఎక్స్. కలిపితే సున్నా, అంతే కదరా" అన్నాడు. అంతే. రికార్డర్ రెండింటినీ విడివిడిగా ఉంచుతుంది, ఎడమది ఎడమ స్పీకర్‌కి, కుడిది కుడి స్పీకర్‌కి పోతుంది, అందుకే అక్కడ మాట బతికింది.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో లోపలి మైకు తీగలు అలాగే కలిపి ఉంటాయి, ఒకే మాట ఒక చానెల్‌లో సూటిగా, రెండోదాంట్లో తిరగబడి వస్తుంది. తెలిసిన మోడళ్ళలో కొన్నిటికి కెర్నెల్‌లోనే సర్దుబాటు రాశారు, ఎవరో ఓపిగ్గా తమ మెషిన్‌లో ఏం జరుగుతోందో చెప్పుకోబట్టే అది జరిగింది, ఆ ఓపికంటే నాకు చాలా గౌరవం. బాబాయ్ మోడల్‌కి మాత్రం ఆ సర్దుబాటు అందినట్టు లేదు.

పావ్యూకంట్రోల్‌లో ఇన్‌పుట్ ట్యాబ్‌కి వెళ్ళి, మైకు పక్కనున్న తాళం గుర్తు తీసేస్తే రెండు చానెళ్ళూ విడిపోతాయి. కుడిదాన్ని సున్నాకి లాగేశాను. వెంటనే లోపల్నుంచి పిన్ని, "ఆఁ, వినపడుతోంది, మరీ గట్టిగా మాట్లాడకండి!"

అక్కడితో లేచిపోవచ్చు కానీ అది నిలవదని తెలుసు. కొన్ని కాల్ ప్రోగ్రాంలు మైకు వాల్యూమ్‌ని వాటంతట అవే సర్దుతుంటాయి, అప్పుడు రెండు చానెళ్ళూ మళ్ళీ సమానమైపోయి క్లాసు మధ్యలో గొంతు పోతుంది. అందుకని రీమ్యాప్ సోర్స్ అనే మాడ్యూల్‌తో ఎడమ చానెల్ ఒక్కదాన్నే తీసుకునే కొత్త మోనో మైకు తయారుచేసి, పైప్‌వైర్ కాన్ఫిగరేషన్‌లో చిన్న ఫైలుగా రాసిపెట్టాను, దాన్నే డిఫాల్ట్ చేశాను. ఇక ఎవరు వాల్యూమ్ ఎంత తిప్పినా కలవడానికి రెండో చానెల్ ఉండదు. రీస్టార్ట్ చేసి చూశాం, ఉంది. ఆల్సామిక్సర్‌లో మైకు శబ్దాన్ని పెంచే మైక్ బూస్ట్ ఆఖరి మెట్టు మీద ఉంటే 10 డెసిబెల్స్‌కి దించాను, వెనకాల వస్తున్న బుస్‌మనే చప్పుడు చాలావరకు తగ్గింది.

బయల్దేరేటప్పుడు బ్లూటూత్ హెడ్‌సెట్ ఒకటి తెచ్చి చూపించాడు, దాంతో పాటలు బాగుంటాయి కానీ కాల్ మొదలవగానే అన్నీ డొల్లగా వినపడతాయట. అది పాడవడం కాదు. పాటలకి వాడే ఏ2డీపీ పద్ధతిలో మైకు ఉండదు, మైకు కావాలంటే హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతికి మారాలి, అక్కడ మాట 8 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌తోనో, ఎంఎస్‌బీసీ అనే మెరుగైన కోడింగ్ ఉంటే 16తోనో వెళ్తుంది. పావ్యూకంట్రోల్ కాన్ఫిగరేషన్ ట్యాబ్‌లో ఎంఎస్‌బీసీ ఉన్న ప్రొఫైల్ చూపించి, అంతకన్నా హెడ్‌సెట్‌ని ఏ2డీపీలోనే ఉంచి వినడానికి బ్లూటూత్ పెట్టుకుని మాట్లాడ్డానికి ఇందాకటి మోనో మైకే ఎంచుకుంటే రెండూ బాగుంటాయని చెప్పాను. "అయితే ఇవాళ అలాగే చేస్తా" అని అప్పుడే చెవులకి తగిలించుకున్నాడు.