బడి మాన్పించాక మొదటి నెల

పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు చెప్పడం మొదలుపెట్టి ఇవాళ్టికి నెల. పాపకి తొమ్మిదేళ్లు, బాబుకి ఆరు. "ఏటమ్మా, బడి మాన్పించేసినావట?" అని వీధిలో అడగనివాళ్లు లేరు. మొదట్లో జవాబు చెప్పాలంటేనే టెన్షన్‌గా ఉండేది.

మొదటి వారం పెద్ద పొరపాటు చేశాను. గోడకి టైంటేబుల్ అంటించి, గంటకో సబ్జెక్ట్ పెట్టాను. నాలుగో రోజు పాప భిన్నాల లెక్క ముందు కూర్చుని ఏడ్చేసింది. బడిలో ఏడ్చినట్టే. ఆ కాగితం ఆ రాత్రే తీసేశాను.

మర్నాడు అత్తయ్య అటక మీంచి పాత ఇత్తడి కొలతలు దించారు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ. పాప బియ్యం కొలుస్తూ, చేతివేలితో అంచు చదును చేసి, "అమ్మా, గిద్ద అంటే తవ్వలో ఎనిమిదో వంతు!" అని అరిచింది. నాకు కళ్లు చెమర్చాయి.

పరీక్షల సంగతి చాలామంది అడుగుతున్నారు. ఎన్‌ఐఓఎస్ (కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్) ద్వారా పదో తరగతి రాయొచ్చు, 14 ఏళ్లు నిండాలి. మాకింకా టైముంది.

అక్టోబరులో పిల్లల్ని అరసవల్లి సూర్యదేవుడి గుడికి తీసుకెళ్తాను. సూర్యకిరణాలు స్వామి పాదాల మీద మార్చిలో, అక్టోబరులో మాత్రమే ఎందుకు పడతాయని బాబు అడిగాడు. బంతి, టార్చిలైటు పట్టుకుని ఇద్దరం ఇంకా తేలుస్తూనే ఉన్నాం.