పొద్దున్న ఆరున్నరకు 38

చాలా ఏళ్లు నాదో లెక్క ఉండేది. కారు తీసుకెళ్లిన రోజు రెండు స్మాల్ పెగ్గులే. మధ్యలో గంట గ్యాప్, కడుపు నిండా భోజనం, బయల్దేరే ముందు స్ట్రాంగ్ కాఫీ. చట్టం దాటట్లేదన్న నమ్మకంతోనే స్టీరింగ్ పట్టుకునేవాణ్ని.

పోయినేడాది ఒక శనివారం స్నేహితుడింట్లో విందు. రానూపోనూ క్యాబ్ కాబట్టి ధైర్యంగా నాలుగు లార్జ్‌లు తాగి, ఒంటిగంటకు పడుకున్నాను. పొద్దున్న ఆరున్నరకు పాపని స్విమ్మింగ్‌కి తీసుకెళ్లాలి. తలనొప్పి లేదు, తూలడం లేదు. అయినా మనసొప్పక, ఎప్పుడో కొన్న చిన్న బ్రీత్ అనలైజర్‌లో ఊదాను. 38 చూపించింది. అంటే 100 మిల్లీలీటర్ల రక్తంలో 38 మిల్లీగ్రాముల ఆల్కహాల్. మన చట్టం ఒప్పుకునేది 30. పాప బ్యాగు తగిలించుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తాళాలు మా ఆవిడ చేతికిచ్చేశాను.

ఆ రోజంతా కూర్చుని చదివాను. రక్తంలో ఆల్కహాల్ గంటకు సుమారు 15 మిల్లీగ్రాములే తగ్గుతుంది. కాఫీ నిద్రమత్తు వదిలిస్తుందేమో గానీ ఆ వేగాన్ని పెంచలేదు. చన్నీళ్ల స్నానమూ అంతే. భోజనం చేస్తే ఆల్కహాల్ రక్తంలోకి నెమ్మదిగా ఎక్కుతుంది, కానీ ఎక్కడం మానదు. 60 మిల్లీలీటర్ల విస్కీలో 20 గ్రాముల దాకా ఆల్కహాల్ ఉంటుంది. 70 కిలోల మగవాడి రక్తంలో అది 100 మిల్లీలీటర్లకు 40 మిల్లీగ్రాముల దగ్గరికి చేరుతుంది. అదే బరువున్న ఆడవాళ్లలో సాధారణంగా ఇంకా ఎక్కువే, ఒంట్లో నీటిశాతం తక్కువ కాబట్టి. నా రెండు స్మాల్స్ కలిపితే సరిగ్గా ఆ 60. అదీ కొలిచి పోస్తే! ఇళ్లలో కొలిచి పోసేదెవరు? ఇన్నేళ్లూ గీత మీదే కారు నడిపానని అప్పుడర్థమై ఒళ్లు జలదరించింది.

ఆ మెషీన్‌ని కూడా పూర్తిగా నమ్మకండి. చివరి గుక్క తర్వాత కూడా ఒక్కోసారి గంట దాకా ఆల్కహాల్ పెరుగుతూనే ఉంటుంది. బయల్దేరేటప్పుడు ఊది 'బాగానే ఉంది' అనుకుంటే, సగం దారిలో ఆ అంకె మారిపోవచ్చు.

ఇప్పుడు లెక్కలు మానేశాను. తాగే రోజు కారు ఇంట్లోనే. మర్నాడు పొద్దున్నే డ్రైవింగ్ ఉంటే ముందురోజు రాత్రి ఒక్క చుక్క కూడా ముట్టను. వెళ్లగానే ఆ మాట చెప్పేస్తాను, రెండో రౌండ్‌లో చెప్పాలంటే మొహమాటం అడ్డొస్తుంది. ఆదివారం స్విమ్మింగ్ డ్యూటీ మళ్లీ నాదే.