శోకంలో ఎవరూ అడ్డురారు

మా నాయినమ్మ పోయినప్పుడు, దేవరకొండ దగ్గర మా ఊర్లో, మేనత్త శవం కాళ్ల దగ్గర కూర్చుని రాగం తీసింది. "నల్లగొండ దవాఖానకు తీస్కపోరా అంటే పత్తి ఏరుడైనంక అంటివి గదరా తమ్ముడా..." మా నాయిన తల దించుకున్నాడు. అవతలి నుంచి మా అమ్మ అదే రాగంలో అందుకుంది. "మూడు నెలలు ఎత్తి దించి సాకితి గదా అత్తమ్మా, నీ బిడ్డ పండుగకన్న తొంగి చూసెనా..." మామూలు రోజు ఈ మాటలంటే ఇల్లు రెండయ్యేది. ఆ రోజు పెద్దమనుషులంతా గమ్మునున్నారు.

ఐర్లండ్‌లోనూ ఇలాంటి ఏడుపు ఉందని, దాన్ని కీనింగ్ అంటారని, డబ్బులిచ్చి ఏడ్చే ఆడవాళ్లను పిలిపించేవాళ్లని, చర్చి పెద్దలకు అదంటే పడేది కాదని ఈ మధ్యే చదివాను. అందులో పేరున్నది ఐలీన్ దువ్ నీ ఖొనల్ పాట. 1773 మే 4న ఆమె భర్త ఆర్ట్ ఓలేరీని కార్క్ ప్రాంతంలో కాల్చి చంపారు. క్యాథలిక్కుల దగ్గర ఐదు పౌండ్ల ధరకు మించిన గుర్రం ఉండకూడదని అప్పటి చట్టం, అతని దగ్గరేమో మంచి గుర్రం, గొడవంతా అక్కడే మొదలైందని చెప్పుకుంటారు. ఆ గుర్రం నెత్తురుతో ఒంటరిగా ఇంటికొస్తే ఐలీన్ దాన్నే ఎక్కి వెళ్లిందని, అతని నెత్తురు దోసిట పట్టి తాగిందని పాటలో ఉంటుంది.

నన్ను పట్టేసింది మాత్రం అది కాదు, ఆడబిడ్డ. శవజాగారం రాత్రి నువ్వు పోయి పడుకున్నావని ఆడబిడ్డ పాటలోనే దెప్పుతుంది, నిద్ర కోసం కాదు, పిల్లలను పడుకోబెట్టడానికి పోయానని ఐలీన్ కూడా పాటలోనే తిప్పికొడుతుంది. అచ్చం మా వాకిలే!

ఐలీన్ కాగితం మీద పెట్టిన పాట కాదది. మిల్‌స్ట్రీట్ దగ్గరి నోరా ని షిండిలే అనే కీనింగ్ ఆవిడ నోటి నుంచి తర్వాతెప్పుడో రాసుకున్నారు. ఇంత ఉండి కూడా 1991లో ఐరిష్ సాహిత్యమంతా ఇదీ అని మూడు పెద్ద సంపుటాలు వేసి ఆడవాళ్లకు కాస్తంత చోటిచ్చారు, రచ్చయ్యాక 2002లో వాళ్లకోసం ఇంకో రెండు వేయాల్సొచ్చింది. (మన దగ్గర ఆ రచ్చ కూడా సరిగ్గా కాలేదనుకోండి.)

మొన్న ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, ఆ శోకం ఒకసారి చెప్పు అత్తమ్మా అని మేనత్తను అడిగాను. "పచ్చని ఇంట్ల శోకం పెడ్తరారా?" అని కసిరి చిక్కుడుకాయలు ఒలుచుకుంటూ కూర్చుంది. కాసేపటికి, రాగం లేకుండా, ఒక్క ముక్క చెప్పింది. తనది కాదు, మా అమ్మ అన్నది.