మంచం ఖాళీ ఉందా అని అడగడం సగం పనే

ఆస్ట్రేలియాలో ఆలిస్ స్ప్రింగ్స్, డార్విన్, కేథరిన్, మౌంట్ ఐసా లాంటి ఊళ్ళ ఆసుపత్రుల్లో నర్సులుగా, డాక్టర్లుగా, సోషల్ వర్కర్లుగా కొత్తగా చేరే తెలుగువాళ్ళ కోసం ఈ పోస్టు. వార్డులో తరచూ వినిపించే మాట ఒకటుంది: పేషెంటు డిశ్చార్జికి సిద్ధం, ఉండడానికి చోటే లేదు. ఇల్లేమో కింటోర్ అనే మారుమూల ఊళ్ళో, ఆలిస్‌కి పడమరగా 500 కిలోమీటర్లు దాటి ఉంటుంది. వారం తర్వాత మళ్ళీ స్కాన్ ఉంది. మధ్యలో ఈ ఏడు రోజులు ఎక్కడ?

ఆస్ట్రేలియా మూలవాసులైన అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ ప్రజలకు ఇలాంటి అవసరం కోసమే 1973లో ఫెడరల్ ప్రభుత్వం అబోరిజినల్ హాస్టల్స్ లిమిటెడ్ అనే కంపెనీ పెట్టింది. అందరూ ఏహెచ్ఎల్ అంటారు. రోజు రుసుములోనే పడక, మూడు పూటల భోజనం కలిసి ఉంటాయి. కొన్ని హాస్టళ్ళు వైద్యం కోసం వచ్చేవారికి, కొన్ని హైస్కూల్ పిల్లలకు, కొన్ని ఉద్యోగం, శిక్షణ, ఇంకేదైనా పని మీద ఊరొచ్చినవారికి. ఆలిస్‌లో టాప్సీ స్మిత్, సిడ్ రాస్, డార్విన్‌లో డైసీ యార్మర్, సైలస్ రాబర్ట్స్ అనే పేర్లు త్వరలోనే మీ నోట ఆడతాయి.

మెడికల్ హాస్టల్ అన్న పేరు చూసి చాలామంది పొరబడతారు. అక్కడ నర్సులు ఉండరు. స్నానం, నడక, మాత్రలు వేసుకోవడం సొంతంగా చేసుకోగలిగినవారినే తీసుకుంటారు. కట్టు మార్చాలంటే కమ్యూనిటీ నర్సునో, స్థానిక అబోరిజినల్ వైద్య సేవ క్లినిక్‌నో డిశ్చార్జికి ముందే కుదర్చాలి. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి కాబట్టి గదిలో ఫ్రిజ్ ఉందో, ఆఫీసు ఫ్రిజ్‌లో పెట్టాలో ఫోన్‌లోనే అడగండి. ఈ సంగతులు దాచి పడక సంపాదిస్తే రెండో రాత్రికి పేషెంటు మళ్ళీ ఎమర్జెన్సీకి వస్తాడు. ఆ తర్వాత మీ వార్డు ఫోన్ అంటేనే హాస్టల్‌వాళ్ళు జంకుతారు.

పడక కన్నా ముందు ప్రయాణ పథకం (దూరం నుంచి వైద్యానికి వచ్చేవారి ప్రయాణానికీ బసకూ ప్రభుత్వం ఇచ్చే సాయం) అనుమతి చూడాలి. దీని పేరు రాష్ట్రానికో రకం: నార్తర్న్ టెరిటరీ, పశ్చిమ, దక్షిణ ఆస్ట్రేలియాల్లో పాట్స్, క్వీన్స్‌లాండ్‌లో పీటీఎస్ఎస్, న్యూ సౌత్ వేల్స్‌లో ఐప్టాస్. దూరం నిబంధన కూడా ఒకటి కాదు. టెరిటరీలో ఒకవైపు 200 కిలోమీటర్లు దాటాలి, న్యూ సౌత్ వేల్స్‌లో 100, క్వీన్స్‌లాండ్‌లో 50. క్వీన్స్‌లాండ్‌లోని మౌంట్ ఐసా నుంచి టెరిటరీలోని ఆలిస్‌కి ఉద్యోగం మారినవాళ్ళు పాత లెక్క పట్టుకొచ్చి తప్పు చెబుతుంటారు. ఇది సాయం మాత్రమే, పథకం ఇచ్చేదానికీ బసకయ్యేదానికీ తేడా ఉంటే అది పేషెంటు మీద పడుతుంది. అనుమతి ప్రయాణానికి ముందే ఉండాలన్నది సాధారణ నియమం.

తోడు మనిషి విషయంలో ఎక్కువ పేచీలు వస్తాయి. తోడు ఎందుకు కావాలో డాక్టరు రాసి, పథకం ఒప్పుకుంటేనే వారి ప్రయాణం, బస లెక్కలోకి వస్తాయి. 'కుటుంబ సహాయం కోసం' అని రాస్తే తిరిగొస్తుంది. 'పేషెంటు పింటుపి మాట్లాడతారు, ఇంగ్లీషులో సమ్మతి ఇవ్వలేరు, చూపు తక్కువ' అని రాస్తే నిలుస్తుంది. అత్యవసరంగా విమానంలో తెచ్చినప్పుడు తోడుకు చోటు దొరక్కపోవచ్చు. అలా వచ్చినవారి చేతిలో ఫోనూ ఉండదు, కీకార్డూ (బ్యాంకు కార్డు) ఉండదు, ఒక్కోసారి చెప్పులూ ఉండవు. తోడు వెనకాల రోడ్డు మీద వస్తే ఆ తోడు అనుమతి కాగితం అప్పటికప్పుడు మొదలుపెట్టాలి.

గది అడిగేటప్పుడు ఆడా మగా అన్నదొక్కటే సరిపోదు. చాలా సమాజాల్లో అత్తగారూ అల్లుడూ ఎదురుపడకూడదు, మాట్లాడకూడదు. మన దగ్గరి మర్యాదలా పక్కకు తప్పుకుంటే తీరేది కాదు, ఒకే వరండాలో ఉండడం కూడా ఇబ్బందే. ఫలానా కుటుంబంవాళ్ళు ఎవరైనా అక్కడ ఉన్నారా అని పేషెంటుకు అడగాలనుంటుంది, మనల్ని అడగరు. అబోరిజినల్ లయజాన్ ఆఫీసరుకు (పేషెంటుకూ ఆసుపత్రికీ మధ్య మాట కలిపేవారు) ఒక్క మాట చెబితే వాళ్ళు అడిగి పెడతారు. చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడని ఫైల్లో రాసేవాటిలో కొన్ని ఇలాంటివే.

డబ్బు దగ్గరికి వద్దాం. సెంటర్‌లింక్ డబ్బు (ప్రభుత్వ భత్యం) రెండు వారాలకోసారి పడుతుంది, హాస్టల్ లెక్క రోజువారీ. చేరిన రోజు నుంచి మొదటి జమ దాకా బాకీ పేరుకుంటుంది. అందుకే చేరేనాడే సెంటర్‌పే అనే కోత ఏర్పాటు పెట్టించడం మేలు. రుసుము నేరుగా భత్యంలోంచి వెళ్తుంది, పేషెంటుకు అదనపు ఖర్చు లేదు. కానీ ముగింపు తేదీ గానీ, మొత్తం ఇంత అయ్యాక ఆపమని గానీ రాయించండి. అది లేకపోతే మనిషి ఊరెళ్ళిపోయాక కూడా డబ్బు కోత పడుతూనే ఉంటుంది. యుఎండుమూ లాంటి మారుమూల ఊళ్ళో కూర్చుని ఫోన్‌లో దాన్ని ఆపించడం ఎంత తంటానో అనుభవించినవారికే తెలుసు.

ఎక్కువకాలం ఉండేవారు సెంటర్‌లింక్‌ ఇచ్చే అద్దె సాయం, రెంట్ అసిస్టెన్స్, వస్తుందేమో అడగాలి. అద్దె ఒక పరిమితి దాటాక, పైన కట్టే ప్రతి డాలరుకు 75 సెంట్ల చొప్పున గరిష్ఠ మొత్తం వరకు ఇస్తారు. భోజనం, వసతి కలిపి ఒకే రుసుమైతే, వసతి వాటా విడిగా తెలియనప్పుడు మూడింట రెండు వంతులు అద్దె కింద లెక్కిస్తారు. సొంత ఊళ్ళో ప్రభుత్వ ఇల్లు ఉంటే అక్కడి అద్దె కూడా నడుస్తుంటుంది. హాస్టల్‌కి ఒకటి, తాను లేని ఇంటికి ఒకటి. కాబట్టి హౌసింగ్ ఆఫీసుకు ఎన్నాళ్ళు ఉండడం లేదో రాతపూర్వకంగా చెప్పకపోతే, ఇల్లు వదిలేశారన్న అనుమానం దాకా పోవచ్చు. డాక్టరు ఉత్తరం ఒక కాపీ అక్కడికీ పంపండి.

ఇక డయాలిసిస్. వారానికి మూడు సార్లు, ఒక్కోసారి నాలుగైదు గంటలు. నెలలు కాదు, ఏళ్ళు. తాత్కాలిక వసతి అన్న మాటకు ఇక్కడ అర్థం చెడుతుంది. చేరిన వారంలోనే పబ్లిక్ హౌసింగ్ దరఖాస్తు పెట్టించాలి, ఎందుకంటే వరస ఏళ్ళ తరబడి ఉంటుంది. సాయంత్రం షిఫ్టువారు తిరిగొచ్చేసరికి వంటగది మూసేస్తారు. వారి పళ్ళెం తీసిపెట్టమని, ఉప్పు, పొటాషియం తగ్గించాలని షిఫ్టు ఖాయమైన రోజే చెప్పండి.

అయినా, హాస్టల్ ఒక్కటే దారి అనుకోకముందు ఇంకో ప్రశ్న అడగాలి: వాళ్ళ ఊళ్ళోనే యంత్రం ఉందా? పశ్చిమ ఎడారి చిత్రకారులు 2000లో సిడ్నీలో తమ చిత్రాలు వేలం వేసి 10 లక్షల డాలర్లకు పైగా సమకూర్చారు. ఆ డబ్బుతో పుట్టిన సంస్థే పర్పుల్ హౌస్. 2004లో కింటోర్‌లో మొదటి డయాలిసిస్ చేసింది. మారుమూల ఊళ్ళలో నర్సుల చేత చేసే డయాలిసిస్‌కు 2018 నుంచి మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) చెల్లింపు ఉంది. పడకలు పరిమితమే, వరస ఉంటుంది. అయినా పేరు రాయించాలి. పూర్తిగా వెళ్ళలేకపోయినా, సారీ బిజినెస్‌కో (చావు జరిగినప్పటి సంతాప కార్యాలు) పండక్కో పర్పుల్ హౌస్ డయాలిసిస్ ట్రక్కు వచ్చే వారం చూసి కొన్నాళ్ళు వెళ్ళిరావచ్చు.

గర్భిణులది వేరే లెక్క. 36 నుంచి 38 వారాల మధ్య ఊరు వదిలి ఆసుపత్రి ఉన్నచోట కాన్పు కోసం ఎదురుచూడాలి. ఇంటి దగ్గర పెద్ద పిల్లల్ని ఎవరు చూస్తారన్నది అసలు చిక్కు. కేప్ యార్క్, టోరెస్ స్ట్రెయిట్ నుంచి వచ్చేవారికి కెయిర్న్స్‌లో మూకై రోజీ అనే బస ఉంది, అక్కడ తల్లుల సంరక్షణ కూడా జరుగుతుంది.

చదువుకునే అబోరిజినల్, టోరెస్ స్ట్రెయిట్ ఐలాండర్ పిల్లలకు ఆబ్‌స్టడీ అనే ప్రభుత్వ సాయం ఉంది. ప్రయాణ టికెట్లు దాని కిందే బుక్ చేయించాలి. ఇంట్లో చావు జరిగితే వెళ్ళడానికి విడిగా ప్రయాణ సాయం కూడా అందులోనే ఉంది, ముందు సొంతంగా టికెట్ కొనేయకండి.

పడకే లేనప్పుడు? ఆలిస్‌లో అప్మెరె మ్వెరె విజిటర్ పార్క్‌లో క్యాబిన్లు, గుడారం వేసుకునే చోట్లు ఉన్నాయి. టౌన్ క్యాంప్‌లో (పట్టణంలోని అబోరిజినల్ కుటుంబాల కాలనీ) బంధువుల ఇంట్లో సర్దుకుంటాం అని పేషెంటు అంటే వెంటనే సరే అనకండి. ఆ ఇంట్లో ఎంతమంది ఉన్నారో, రాత్రి మంచం ఉంటుందో, నేలో అడగండి. సిజేరియన్ అయినవారు నేల మీంచి లేవడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

ఇంటికి పంపే టికెట్ కూడా ఈ పనిలో భాగమే. వాడేయ్ అనే ఊరు డార్విన్‌కి 400 కిలోమీటర్లే కానీ వర్షాకాలంలో రోడ్డు మునిగితే విమానమే గతి. శుక్రవారం సాయంత్రం డిశ్చార్జ్ పెడితే అనుమతి ఇచ్చే ఆఫీసు సోమవారం దాకా తెరవదు. గురువారం రౌండ్స్ నాడే హాస్టల్‌కీ, పథకం ఆఫీసుకీ, ఊళ్ళో క్లినిక్‌కీ ఫోన్ చేయండి. ఆ క్లినిక్‌కి పేషెంటు ఏ రోజు దిగుతాడో తెలియకపోతే ఎయిర్‌స్ట్రిప్ దగ్గరికి బండి రాదు.