ఊరి పెద్దాయనకు దోసెడు నీళ్లు

రథసప్తమి హడావిడిలో పడి మర్నాటి తిథిని చాలామంది పట్టించుకోరు. మాఘ శుద్ధ అష్టమి, భీష్మాష్టమి. యుద్ధంలో పదో రోజున పడిపోయిన భీష్ముడు ఉత్తరాయణం కోసం అంపశయ్య మీదే ఆగాడు. ఇలా పడుకుని 58 రాత్రులు గడిచాయని ఆయనే ధర్మరాజుతో అంటాడు. పెళ్లి లేదు, పిల్లల్లేరు, దోసెడు నీళ్లు వదిలే కొడుకు లేడు. అందుకే ఆ బాధ్యతను పెద్దలు లోకం మొత్తానికీ అప్పగించారు. ఆ రోజు నీళ్లు వదులుతూ చదివే శ్లోకం ఇది:

భీష్మః శాంతనవో వీరః సత్యవాదీ జితేంద్రియః |
ఆభిరద్భిరవాప్నోతు పుత్రపౌత్రోచితాం క్రియామ్ ||

శంతనుడి కుమారుడు, వీరుడు, సత్యం తప్పనివాడు, ఇంద్రియాలను గెలిచినవాడు అయిన భీష్ముడికి, కొడుకులూ మనవలూ చేయవలసిన క్రియ ఈ నీళ్లతో అందుగాక అని భావం. చదివేవాడిది ఆయన వంశం కాదు, ఆయన గోత్రమూ కాదు. అయినా కొడుకు స్థానంలో నిలబడి చదువుతాడు. తండ్రి ఉన్నవాళ్లు మామూలుగా తర్పణాలు వదలరు కదా, ఆ కట్టుబాటును కూడా ఇక్కడ పక్కన పెట్టారు. ‘జీవత్పితాపి కుర్వీత తర్పణం యమభీష్మయోః’ అన్నారు. యముడికీ భీష్ముడికీ తండ్రి బతికున్నవాడైనా తర్పణం చేయాలి.

మా నాన్నగారు దేవుడి దయవల్ల ఆరోగ్యంగా ఉన్నారు. కాబట్టి మహాలయ అమావాస్య నాడు కృష్ణ ఒడ్డున అందరూ నువ్వులూ నీళ్లూ వదులుతుంటే నాకు అక్కడ పనిలేదు. మా వార్డు మాజీ కార్పొరేటర్ గారు పోయాక ఈ శ్లోకం నాకు బాగా దగ్గరైంది.

విజయవాడ సింగ్ నగర్‌లో మా వైపు ఆయన్ని బాబాయ్ గారూ అనడమే తప్ప పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. పదవి దిగి చాలా ఏళ్లయినా పొద్దున్నే ఇంటి ముందు నలుగురు కూర్చుని ఉండేవాళ్లు. ఫీజు కట్టలేక ఎవరైనా వస్తే డబ్బు చేతికిచ్చి పంపేవారు కాదు. పిల్లాణ్ణి స్కూటర్ వెనక ఎక్కించుకుని స్కూలుకి వెళ్లి, కౌంటర్లో తానే కట్టి, రసీదు మడిచి వాడి నోటుబుక్కులో పెట్టేవారు. “ఎవరైనా అడిగితే మీ నాన్న కట్టాడని చెప్పు” అనేవారు. ఈ మాట ఆయన ఎంతమందితో అన్నారో ఆయన పోయేదాకా మాలో ఎవరికీ తెలియదు. పెద్దకర్మ నాడు భోజనాల దగ్గర ఒకరు మొదలుపెడితే పక్కవాళ్లు “నాకూ అంతే” అంటూ బయటపడ్డారు.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా మీద పడ్డప్పుడు ఆయన ఇంట్లోనూ నడుం లోతు నీళ్లే. అయినా ఫ్లైఓవర్ దగ్గరే నిలబడ్డారు. పడవల్లో లోపలికి వెళ్లే కుర్రాళ్లకు ఏ సందులో మంచం పట్టిన ముసలామె ఉందో, ఏ ఇంట్లో బాలింత ఉందో చెప్పి పంపేవారు. పాలు, నీళ్లు, పులిహోర పొట్లాలు తెచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లందరికీ దండం. కానీ ఏ గడపకు ఏం కావాలో తెలిసిన మనిషి ఉండబట్టే అవి అవసరమైన చోటికి చేరాయి.

ఆయన పోయినప్పుడు కరెంటు స్తంభాల నిండా కన్నీటి నివాళి ఫ్లెక్సీలు కట్టారు. అదీ ప్రేమే, కాదనను. కానీ ఎవరి కంటా పడకుండా ఇచ్చిన మనిషిని తలుచుకునేటప్పుడు కూడా ఆ మర్యాద పాటించాలని నా మనసుకు గట్టిగా అనిపించింది. ఆయన కొడుకు ఏటా ఆబ్దికం శ్రద్ధగా పెడతాడు. మరి మా సంగతి? ఇదే మాట దుర్గా ఘాట్‌లో పురోహితుడు గారిని అడిగితే, “భీష్ముడికి నీళ్లిచ్చి, మీ బాబాయ్ గారి పేర ఎవరికైనా అన్నం పెట్టు నాయనా, చాలు” అన్నారు.

ఆ మాటలో ఎంత సబబుందో భారతం తిరగేస్తే తెలుస్తుంది. అన్నదానం, జలదానం గొప్పతనాన్ని ధర్మరాజుకు విడమరిచి చెప్పింది భీష్ముడే, అదీ ఒంటినిండా బాణాలతో పడి ఉండి. అనుశాసన పర్వంలో చాలా భాగం దానం గురించే. అంతకుముందు, పడిపోయిన కొత్తలో ఆయన దాహమంటే అర్జునుడు నేలలోకి బాణం వేసి నీళ్లు పైకి తెప్పించాడు. తాను మంచినీళ్లకు అల్లాడినవాడు కాబట్టే ఆ నోట జలదానం మాట నాకు అంత బలంగా వినిపిస్తుంది.

దుర్గా ఘాట్ మెట్ల మీద నిలబడితే బ్యారేజీ కనిపిస్తుంది. దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టుకున్నాం. బారిస్టరుగా మద్రాసులో గడించిందంతా స్వరాజ్య పత్రికకూ ఉద్యమానికీ ధారపోసి, చివరికి పేదరికంలో 1957లో కన్నుమూశారు. బ్యారేజీ ప్రారంభమైందీ ఆ సంవత్సరమే. ఇచ్చినవాళ్లను తలుచుకోవడం మన ఊరికి కొత్తేమీ కాదు.

పెద్దకర్మ నాడే ఇంకో సంగతి జరిగింది. టిఫిన్ బండి నడిపే ఒక అమ్మ కొంగుముడి విప్పి రెండు వేల రూపాయలు ఆయన కొడుకు చేతిలో పెట్టబోయింది. “బాబాయ్ గారికి బాకీ ఉన్నానయ్యా, గ్యాస్ పొయ్యి కొనిచ్చారు” అంది. అతను కళ్లనీళ్లు పెట్టుకుని, తీసుకోనన్నాడు. ఆవిడ ఆ డబ్బును ఇంట్లో ఖర్చు పెట్టుకోలేదు. భీష్మాష్టమి పొద్దున ఘాట్ దగ్గర యాచకులకు ఇడ్లీలు పెట్టింది. నీళ్లు వదలడం తనకు తెలియదంది. వదిలినట్టే కదమ్మా అన్నాను.

మీకూ అలాంటి బాబాయ్ ఒకరు ఉండే ఉంటారు. రథసప్తమి మర్నాడు స్నానం చేసి భీష్ముడికి నీళ్లివ్వండి. జంధ్యం, నువ్వుల విషయంలో తండ్రి ఉన్నవాళ్లకు పద్ధతి వేరేగా ఉంటుంది కాబట్టి మీ ఇంటి పురోహితుణ్ణి ముందే అడగండి. ఘాట్‌కి వచ్చేవాళ్లు చెంబు ఇంటి నుంచి తెచ్చుకోండి. ఇడ్లీల పనికి ఆ అమ్మకు సాయం చేసేవాళ్లు కావాలి, కాస్త పెందలాడే రండి.